పెళ్లి కాగానే తెర ఎందుకు దించారు?

ఫాసిజం అనగానే మనకు నల్లచొక్కాలు గుర్తొస్తాయి. లాఠీలు, జైళ్లు, మీటింగుల్లో అరుపులు గుర్తొస్తాయి. ఇటలీలో ముస్సోలినీ మనుషులు కార్మిక సంఘాల వాళ్లను పట్టుకుని, నోట్లో ఆముదం పోసి ఊరి మధ్యన అవమానించారని చదువుకున్నాం. అవన్నీ నిజమే. అయితే అదే ఫాసిజం ఇంట్లోకి ఎట్లా వచ్చింది? పొయ్యికాడికి, పడకకాడికి ఎట్లా వచ్చింది? దీని గురించి మాత్రం మన మీటింగుల్లో చాలా తక్కువ మాట్లాడుకుంటాం.

మేం చెప్పదలుచుకున్నది ఒక్కటే. ముస్సోలినీ 1922 నుంచి 1943 దాకా ఇటలీని ఏలాడు. ఆ కాలంలో ఆడదాన్ని అదుపులో పెట్టే పనిని సినిమా, చట్టం రెండూ పంచుకున్నాయి. సినిమా ఆమెను నవ్విస్తూ, పాడిస్తూ పెళ్లి దాకా తీసుకొచ్చి వదిలేది. అక్కణ్నుంచి చట్టం అందుకునేది. తెర మీద కథ ఎక్కడ ఆగిపోయిందో అక్కడే అసలు కథ మొదలయ్యేది.

ఆడది కనాలి, మగాడు యుద్ధానికి పోవాలి

ముందు సర్కారు ఏం కోరిందో చూద్దాం. 1925 డిసెంబర్లో తల్లీబిడ్డల కోసమని ఒక జాతీయ సంస్థ పెట్టారు. పాలు, మందులు, గర్భిణీ స్త్రీలకు పరీక్షలు. పేద తల్లికి ఇవి అక్కరకొచ్చాయి, కాదనం. కానీ ఎందుకిచ్చారు? 1927 మే 26న ముస్సోలినీ పార్లమెంటులో తన నోటితోనే చెప్పాడు. ఇటలీ జనాభా అప్పుడు 4 కోట్లు. శతాబ్దం సగమయ్యేసరికి 6 కోట్లు కావాలన్నాడు. జనం పెరక్కపోతే సామ్రాజ్యం రాదు, మనమే ఇంకొకడి వలస అయిపోతామన్నాడు. అంటే తల్లి కడుపు సైన్యానికి భర్తీ ఆఫీసన్నమాట.

అదే ఏడాది పెళ్లికాని మగవాళ్ల మీద పన్ను వేశారు. 25 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండి పెళ్లి చేసుకోకపోతే సర్కారుకు డబ్బు కట్టాలి. చర్చి ఫాదర్లకు మాత్రం మినహాయింపు. 1933 నుంచి ప్రతి డిసెంబర్ 24ను తల్లీబిడ్డల దినమన్నారు. ఎక్కువమందిని కన్న తల్లుల్ని రోమ్‌కు పిలిపించి సన్మానాలు చేశారు.

సన్మానం ఒక చేత్తో, చట్టం ఇంకో చేత్తో. 1930లో కొత్త క్రిమినల్ చట్టం తెచ్చారు. గర్భం తీయించుకోవడం, పిల్లలు పుట్టకుండా చూసుకునే పద్ధతుల్ని ప్రచారం చేయడం జాతికి వ్యతిరేకంగా చేసే నేరాలయ్యాయి. భార్య పరాయి మగాడితో పోతే ఏడాది దాకా జైలు. మరి భర్త పోతే? ఇంకొకామెను ఇంట్లోనే తెచ్చిపెట్టుకున్నా, లేదా ఊరందరికీ తెలిసేటట్టు వేరేచోట ఉంచుకున్నా తప్ప అది నేరం కాదు. భార్యనో, కూతుర్నో, అక్కచెల్లెళ్లనో పరాయివాడితో చూసి, పరువు పోయిందని చంపిన మగాడికి 3 నుంచి 7 ఏళ్ల శిక్షతో సరి. ఇట్లాంటివి పాత చట్టాల్లో కూడా ఉన్నాయి. ఫాసిస్టులు వాటిని తీసెయ్యకుండా మళ్లీ రాసి గట్టి చేసుకున్నారు.

విడాకులు అసలే లేవు. 1929లో ముస్సోలినీ పోప్‌తో ఒప్పందం చేసుకున్నాక చర్చిలో జరిగిన పెళ్లికే సర్కారు ముద్ర కూడా పడింది. 1930 ఆఖర్లో పోప్ విడుదల చేసిన లేఖ గర్భనిరోధం పాపమంది, ఇంటికి పెద్ద భర్తే అంది. సర్కారుకు, చర్చికి చాలా విషయాల్లో పేచీలుండేవి. ఆడదాని దగ్గరికొచ్చేసరికి ఇద్దరిదీ ఒకే మాట. 1938లో ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఆఫీసు ఉద్యోగాల్లో ఆడవాళ్లు నూటికి 10 మందికి మించకూడదు. ఇక చదువుకున్న పిల్ల ఎక్కడికి పోవాలి? పెళ్లికే పోవాలి.

పెళ్లి ఉంగరాన్ని కూడా వదల్లేదు. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తితే నానాజాతి సమితి ఆంక్షలు పెట్టింది. అప్పుడు డిసెంబర్ 18న దేశమంతా ఆడవాళ్లు పెళ్లి ఉంగరాలు తీసి యుద్ధానికివ్వాలన్నారు. రోమ్‌లో రాణి ఎలెనా ముందుగా ఇచ్చింది. లక్షలమంది ఇచ్చారు. బంగారం తీసుకుని ఇనుప ఉంగరాలు తొడిగి పంపారు. ఇష్టంగా ఇచ్చినవాళ్లూ ఉన్నారు, ఇరుగుపొరుగు ఏమంటారోనని ఇచ్చినవాళ్లూ ఉన్నారు. మొగుడు తొడిగిన ఉంగరం పోయి సర్కారు తొడిగిన ఉంగరం వచ్చింది. పెళ్లి ఇద్దరి సంగతి కాదు, రాజ్యం సంగతి అని ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు?

నవ్వించే సినిమా చేసిన పని

సినిమా బలమెంతో ముస్సోలినీకి బాగా తెలుసు. 1924లోనే లూచే అనే సంస్థ పెట్టి, 1926 నుంచి దాని న్యూస్‌రీళ్లు ప్రతి హాల్లో తప్పనిసరిగా వెయ్యాలన్నాడు. 1934లో సినిమా మీద అజమాయిషీకి ఒక డైరెక్టరేటు పెట్టి లుయిజీ ఫ్రెడ్డీ అనే ఆయన్ను కూర్చోబెట్టారు. స్క్రిప్టు దశలోనే చదివి దిద్దేవాళ్లు. 1937 ఏప్రిల్ 28న రోమ్‌లో చినెచిట్టా అనే పెద్ద స్టూడియో తెరిచారు. సినిమాను మించిన ఆయుధం లేదన్నది ఆ రోజుల్లో వాళ్ల నినాదం.

ఇంత చేసినవాళ్లు నల్లచొక్కాల సినిమాలే తీసి ఉంటారని మనం అనుకుంటాం. అట్లా జరగలేదు. 1930 నుంచి 1943 దాకా ఇటలీలో 700కు పైగా కథాచిత్రాలు తయారైతే, బాహాటంగా పార్టీ ప్రచారం చేసినవి చాలా కొద్ది. ఎక్కువ భాగం ప్రేమ కథలు, హాస్య కథలు, పాటల సినిమాలు. నాయకుడి బొమ్మ ఉండదు, జెండా ఉండదు. ఇవి రాజకీయం లేని సినిమాలని తర్వాత చాలామంది కొట్టిపారేశారు. మేం ఆ మాట ఒప్పుకోం. అరిచే సినిమా వస్తే జనం జాగ్రత్తపడతారు. నవ్వించే సినిమాకు తలుపులు బార్లా తెరుస్తారు.

1931లో 'లా సెగ్రెటారియా ప్రివాటా' అని ఒక సినిమా వచ్చింది. జర్మన్ సినిమాకు ఇటలీ రూపం. పల్లె నుంచి రోమ్‌కొచ్చిన ఒక పిల్ల బ్యాంకులో టైపిస్టుగా చేరుతుంది. పరిచయమైన ఒకాయన్ను మామూలు గుమస్తా అనుకుని ప్రేమిస్తుంది. తీరా చూస్తే ఆయన ఆ బ్యాంకు డైరెక్టరే. ఆఖరికి పెళ్లి. టైపిస్టుల జీతమెంత, ఎన్ని గంటల చాకిరీ, పైఅధికారి చూపు నుంచి ఆడపిల్ల ఎట్లా తప్పించుకోవాలి - వీటన్నిటికీ సినిమా ఇచ్చిన జవాబు ఒక్కటే. యజమానిని పెళ్లి చేసుకో! ఒక్క టైపిస్టుకు డైరెక్టరు దొరికాడు సరే, మిగతా టైపిస్టులంతా ఏం కావాలి?

1932లో మారియో కమెరీనీ 'లి ఉవోమినీ, కే మస్కల్జోనీ' తీశాడు. మగాళ్లెంత తుంటరోళ్లు అని ఆ పేరుకు అర్థం. విట్టోరియో డి సికాకు హీరోగా పేరొచ్చింది దీనితోనే. మిలాన్‌లో అత్తర్ల షాపులో పనిచేసే మారియూచ్చ, కారు డ్రైవరు బ్రూనో. వాడు యజమాని కారును తనదేనని చెప్పి ఆమెను షికారుకు తీసుకుపోతాడు. యజమానురాలు ఎదురుపడేసరికి ఆమెను దారిలో హోటల్లోనే వదిలేసి పోవాల్సి వస్తుంది. ఇది మంచి సినిమా, మేమూ ఒప్పుకుంటాం. పనిచేసే వాళ్ల ముఖాలు, మిలాన్ వీధులు కళ్లకు కట్టినట్టు ఉంటాయి. మారియూచ్చ తన సంపాదన తాను తెచ్చుకునే పిల్ల, మాటకు మాట చెప్పగల పిల్ల. కానీ ఆ ధైర్యానికి సినిమా చూపించిన గమ్యం ఏంది? ఆఖర్న పెళ్లి మాట ఖాయం చేసుకుని, టాక్సీ నడిపే తండ్రి బండిలోనే ఇద్దరూ కూర్చుంటారు. తండ్రి చేతిలో నుంచి మొగుడి చేతిలోకి. మధ్యలో ఆమె ఒంటరిగా తిరిగిన నాలుగు వీధులే ఆమె స్వేచ్ఛ.

అదే కమెరీనీ 1937లో 'ఇల్ సిగ్నోర్ మాక్స్' తీశాడు. మాక్స్ దొరగారన్నమాట. రోమ్‌లో పేపర్లమ్మే జాన్నీ, దొరబిడ్డలాగా నటిస్తూ ఒక సంపన్నురాలి వెంట తిరుగుతాడు. ఇంగ్లీషు రాదు, వాళ్ల పేకాట రాదు, వాళ్ల కులాసాలకు డబ్బు చాలదు. ఆ సంపన్నురాలి ఇంట్లో పనిచేసే పిల్ల లౌరెత్తా. కడకు వాడికి బుద్ధొచ్చి లౌరెత్తాను ఇంటికి తెచ్చుకుంటాడు. హాలంతా సంతోషంగా లేచిపోతుంది. పైవాళ్ల డాబును ఎగతాళి చేసిన మాట నిజమే. కానీ ఎగతాళి అయిపోయాక మిగిలిన నీతి చూడండి. ఎవడి స్థానంలో వాడుండాలి, తన స్థాయి పిల్లను తాను చేసుకోవాలి. పెద్దింటామె సిగరెట్టు తాగుతుంది, పేకాడుతుంది, పెళ్లి మాటెత్తదు, కాబట్టి ఆమె మంచిది కాదు. పనిపిల్ల తల వంచుకుని ఉంటుంది, కాబట్టి ఆమె ఇల్లాలు. ఆడవాళ్లను రెండు గంపల్లోకి వేరు చేయడం ఇట్లాగే జరిగింది. ఒక పార్టీ ఉపన్యాసం కూడా అక్కర్లేకపోయింది.

పల్లె గురించి కూడా ఇదే పద్ధతి. బ్లాసెట్టి 1931లో తీసిన 'తెర్రా మాద్రే' అంటే తల్లి నేల. పట్నంలో ఉండే దొర తన భూములు అమ్మేయాలని చూస్తాడు. వెంట పట్నం ప్రియురాలు డైసీ. పల్లెలో మేస్త్రీ కూతురు ఎమీలియా. పట్నం ఆడది అమ్మెయ్యమంటుంది, పల్లె పిల్ల ఉండిపొమ్మంటుంది. దొర పల్లెనూ, పల్లె పిల్లనూ ఎంచుకుంటాడు. భూమి ఎవరిది అన్న ప్రశ్నకు ఈ సినిమా చెప్పే జవాబు పెళ్లి. దొర ఊళ్లోనే ఉండి ఊరి పిల్లను చేసుకుంటే చాలు, కూలోడికి ఇంకేం కావాలి అన్నట్టు!

కాపురం చేస్తే నేరం

మగాడికేం నేర్పారు? 1936లో వెనిస్ ఉత్సవంలో ముస్సోలినీ పేరుతో ఉన్న కప్పు గెలిచిన సినిమా 'లో స్క్వాద్రోనే బియాంకో'. తెల్ల దళం అని అర్థం. ప్రేమలో దెబ్బతిన్న ఒక యువ అధికారి లిబియా ఎడారికి పోతాడు. అక్కడ తిరుగుబాటుదార్ల మీద పోరాడి 'మగాడు' అవుతాడు. వెతుక్కుంటూ వచ్చిన ప్రియురాలిని కాదని ఎడారిలోనే ఉండిపోతాడు. ఆ పోరాటం ఎవరి మీద? తమ నేల కోసం నిలబడ్డ లిబియా జనం మీద. వాళ్ల బాధ తెర మీద లేదు. ప్రేమ మగాణ్ని మెత్తబరుస్తుంది, దండయాత్ర గట్టిపరుస్తుంది అన్నదే పాఠం.

వలసల్లో ఇంకో భయం పట్టుకుంది. ఇటలీ సైనికులు, అధికారులు అక్కడి నల్లజాతి స్త్రీలతో కలిసి ఉండేవాళ్లు, పిల్లల్ని కనేవాళ్లు. 1937 ఏప్రిల్లో చట్టం తెచ్చారు. ఇటలీ పౌరుడు తూర్పు ఆఫ్రికా వలసల్లోని స్త్రీతో భార్యాభర్తల్లాగా ఉంటే 1 నుంచి 5 ఏళ్ల జైలు. ఈ చట్టాన్ని జాగ్రత్తగా చదవాలి. ఆమెతో పడుకోవడం నేరం కాదు, డబ్బిచ్చి కొనుక్కోవడం నేరం కాదు. ఆమెతో కాపురం చేయడం నేరం. కలిసి తినడం, కష్టసుఖాలు పంచుకోవడం, ఆమెను మనిషిగా చూడటం నేరం. మరుసటి ఏడాది, 1938లో, 'సోత్తో లా క్రోచే దెల్ సుద్' సినిమా వచ్చింది. ఇథియోపియాలో ఇటలీ వాళ్ల తోట. అక్కడ మైలూ అనే మిశ్రమ జాతి యువతి. ఇటలీ మగాళ్ల మనసులు చెదరగొట్టే వల లాగా ఆమెను చూపిస్తారు. ఆ వేషం వేసింది ఇటలీ నటి దోరిస్ దురాంతి. ఆమె వెళ్లిపోతేనే తోట బాగుపడుతుంది. చట్టంలో మగాడికి శిక్ష, సినిమాలో తప్పంతా ఆడదానిది.

1938 నవంబర్లో ఇటలీలోనే ఆర్య జాతి వాళ్లు వేరే జాతి వాళ్లను పెళ్లి చేసుకోవడాన్ని నిషేధించారు. యూదులు దీనికి ముఖ్యంగా బలయ్యారు. పెళ్లి చుట్టూ కంచె కడితేనే జాతి గోడ నిలబడుతుందని వాళ్లకు తెలుసు. ఈ సంగతి మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కులంలోనే పెళ్లి అన్నదే కులానికి ప్రాణమని డాక్టర్ అంబేద్కర్ 1916లోనే కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసంలో తేల్చి చెప్పారు. ఎక్కడైనా సరే, పిల్ల ఎవర్ని చేసుకోవాలో పైవాడు తేలుస్తున్నాడంటే అక్కడ పెళ్లి ఒక్కటే కాదు, అధికారం కూడా నడుస్తోందన్నమాట.

తప్పులన్నీ బుడాపెస్టులోనే!

ఇక్కడొక తమాషా ఉంది. ఆ కాలపు సినిమాల్లో ఒక రకాన్ని 'తెల్ల టెలిఫోన్ల సినిమాలు' అంటారు. పెద్ద మేడలు, మెరిసే నేలలు, పడగ్గదిలో తెల్ల టెలిఫోను. ఊళ్లలో టెలిఫోనే లేని ఇళ్లు లక్షల్లో ఉంటే తెర మీద తెల్లది! వీటిల్లో భార్యాభర్తలు పోట్లాడుకుంటారు, విడిపోతామంటారు, పరాయివాళ్లతో సరసాలాడతారు. కానీ ఇటలీలో విడాకులు లేవు గదా? ఇటలీ ఇల్లాలు తప్పు చేసినట్టు చూపిస్తే పైవాళ్లకు గిట్టదు గదా? అందుకని చాలా కథల్ని హంగరీకి, బుడాపెస్టుకు పంపించారు. కొన్ని హంగరీ నాటకాల నుంచి తీసుకున్నవే. మనుషులు మాట్లాడేది ఇటలీ భాష, నటులు ఇటలీ వాళ్లు, ఊరు మాత్రం బుడాపెస్టు. అంటే ఇటలీ కాపురంలో గొడవలే లేవు, ఉన్నవన్నీ పరాయి దేశంలోనే ఉన్నాయని లెక్క.

పరాయి ఊరికి పంపించకుండా నిజం కొంత చెప్పిన సినిమా 1934లో వచ్చింది. మాక్స్ ఓఫుల్స్ తీసిన 'లా సిన్యోరా ది తుత్తీ', అందరి ఆమె. పెళ్లయిన పంతులు ఒక విద్యార్థిని మీద మోజు పడితే బడి నుంచి వెళ్లగొట్టింది ఆ పిల్లనే. తర్వాత ఆమె పెద్ద సినిమా తార అవుతుంది, ప్రాణం తీసుకుంటుంది. ఆమె బొమ్మలు అచ్చేసే యంత్రం ఆగిపోవడంతో సినిమా అయిపోతుంది. అందరూ చూడటానికి కావాలి, ఎవరి ఇంటికీ అక్కర్లేదు. ఒక ఆడదాన్ని ఎట్లా అమ్ముకుంటారో సినిమా తన మీద తానే చెప్పుకుంది.

తలుపు తెరిచినప్పుడు

యుద్ధంలో ఓడిపోతున్న రోజుల్లో అబద్ధం చెల్లకుండా పోయింది. అప్పుడు మూడు సినిమాలు పెళ్లి తర్వాతి ఇంటి తలుపు తెరిచాయి.

బ్లాసెట్టి 1942లో తీసిన 'క్వాత్రో పాస్సీ ఫ్రా లే నూవోలే'లో, ఇంట్లో సంతోషం లేని ఒక సేల్స్‌మన్‌కు బస్సులో ఒక పిల్ల తారసపడుతుంది. పెళ్లి కాకుండానే గర్భవతి. తండ్రి ఇంట్లో అడుగు పెట్టనివ్వడని భయం. ఒక్కరోజు మొగుడిలాగా నటించమని బతిమాలుతుంది. నిజం బయటపడ్డాక వాడే ఆమె తండ్రిని నిలదీసి ఒప్పించి, తిరిగి తన చీకటి కొంపకు పోతాడు. తల్లుల్ని సన్మానించే దేశంలో, తల్లి కాబోయే పిల్లకు అద్దె మొగుడు కావాల్సి వచ్చింది!

డి సికా అదే రోజుల్లో తీసిన 'ఇ బంబీనీ చి గ్వార్దానో', అంటే పిల్లలు మనల్ని చూస్తున్నారు. తల్లి ఇంకొకడితో వెళ్లిపోతుంది, తండ్రి ప్రాణం తీసుకుంటాడు, చివరకు పిల్లాడు తల్లి దగ్గరికి పోకుండా తిరిగి నడిచిపోతాడు. తప్పు తల్లి మీదే ఎక్కువ వేసిందన్నది మా విమర్శ. అయినా సర్కారు పొగిడిన కుటుంబం లోపల ఎంత డొల్లో చూపించింది.

మూడోది 1943లో విస్కోంతి తీసిన 'ఒస్సెస్సియోనే'. పో నది ఒడ్డున చిన్న హోటలు. తిండికి, నీడకు గతిలేక ముసలివాణ్ని కట్టుకున్న జొవాన్న. ఆమె చెమట, ఆమె విసుగు, కడగాల్సిన అంట్ల కుప్ప - అన్నీ ఉన్నాయి. ఒక దిమ్మరితో ప్రేమ, మొగుడి హత్య, చివరకు గర్భంతో ఉన్న ఆమె చావు. హత్యను మేం సమర్థించడం లేదు. కానీ ఈ పెళ్లి ఆకలి చేసిన పెళ్లి అని చెప్పిన సినిమా ఇది. ముస్సోలినీ కొడుకు విట్టోరియో ఇది ఇటలీ కాదంటూ లేచిపోయాడని చెబుతారు. చాలా ఊళ్లలో ఆడనివ్వలేదు. ఏళ్ల తరబడి బుడాపెస్టులో దాచిపెట్టిన కాపురం సొంత ఊరికి తిరిగొస్తే పాలించేవాళ్లు గుర్తుపట్టలేదు.

ముగింపును ఒప్పుకోని పిల్ల

ఇంతకీ సర్కారు అనుకున్నది జరిగిందా? పన్నులు వేసినా, బహుమతులిచ్చినా 1930ల్లో పుట్టుకల రేటు తగ్గింది గానీ పెరగలేదు. 1951 జనాభా లెక్కల్లో తేలింది 4 కోట్ల 75 లక్షలు. 6 కోట్లు రాలేదు. ఆడవాళ్లు జెండా పట్టుకుని ఎదిరించలేకపోయినా తమ ఒంటి లెక్క తాము చూసుకున్నారు.

ముస్సోలినీ పోయాడు, 1946లో ఆడవాళ్లు ఓటేశారు. ఆ క్రిమినల్ చట్టం మాత్రం పోలేదు. దాంట్లో ఇంకో సెక్షన్ ఉంది. ఆడపిల్లను చెరిచినవాడు ఆ పిల్లనే పెళ్లి చేసుకుంటే నేరం మాఫీ. చూశారా, చట్టం కూడా సినిమా లాగానే పెళ్లితో కథ ముగించింది! 1965 డిసెంబర్లో సిసిలీలోని అల్కామో ఊళ్లో ఫ్రాంకా వియోలా అనే 17 ఏళ్ల పిల్లను ఎత్తుకుపోయి చెరిచారు. వాడితో పెళ్లికి ఒప్పుకోమని ఊరు ఒత్తిడి పెట్టింది. ఆమె ఒప్పుకోలేదు. రైతు అయిన తండ్రి కూతురి పక్కన నిలబడ్డాడు. 1966లో కోర్టు వాడికి జైలుశిక్ష వేసింది. 1970లో విడాకుల చట్టం వచ్చింది. 1974 ప్రజాభిప్రాయంలో దాన్ని రద్దు చేయాలన్న వాళ్లు ఓడిపోయారు. చెరిచినవాణ్ని పెళ్లి కాపాడే సెక్షన్, పరువు హత్యకు తక్కువ శిక్ష వేసే సెక్షన్ 1981లో పోయాయి. చట్టం వచ్చాక యాభై ఏళ్లకు!

1977లో ఎత్తోరె స్కోలా 'ఉనా జొర్నాతా పర్తికోలారే' అనే సినిమా తీశాడు. 1938లో హిట్లర్ రోమ్‌కొచ్చిన రోజు కథ. ఊరంతా ఊరేగింపుకు పోతే, ఆరుగురు పిల్లల తల్లి ఒక్కతే ఇంట్లో అంట్లు, బట్టలతో మిగిలిపోతుంది. బయట రేడియోలో జేజేలు మోగుతూనే ఉంటాయి. మారియూచ్చకు, లౌరెత్తాకు పెళ్లయ్యాక ఏమైందో ఈ తల్లిని చూస్తే తెలుస్తుంది. అది చూపించడానికి నలభై ఏళ్లు పట్టింది.

కాబట్టి సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట ఇది. ఒక పాలనను అంచనా వేసేటప్పుడు దాని ఉపన్యాసాలే చదివి ఊరుకోవద్దు. దాని ప్రేమకథలు కూడా చూడండి. మంచి ఆడదని ఎవర్నంటోంది, చెడ్డదని ఎవర్నంటోంది, ఎవరు ఎవర్ని చేసుకుంటే సంతోషించమంటోంది, కథను ఎక్కడ ఆపుతోంది అని అడగండి. మీటింగు పెట్టి సినిమా వేస్తే, అయిపోయాక లైట్లు వేసి ఆడవాళ్లను ముందు మాట్లాడమనండి. ఆ తర్వాత ఏమైందో వాళ్లే చెబుతారు.